‘బ్రౌజర్ మార్చండి’: వెబ్ బ్రౌజర్ భద్రతాలోపాలు, వాడుకరి రక్షణ, తెలుగు లిపి – చారిత్రక పరిశీలన (1995–2023)

వ్యాస సంగ్రహం:

వెబ్ బ్రౌజర్‌లో భద్రతాలోపం బయటపడినప్పుడు కంప్యూటరును కాపాడుకోవడానికి వాడుకరికి అందే సలహా కాలానుగుణంగా మారుతూ వచ్చింది. ‘సెట్టింగులు బిగించుకోండి’, ‘బ్రౌజర్ మార్చండి’, ‘తాజా కూర్పు వేసుకోండి’ అనేవి ఆ మార్పులో కనిపించే మూడు దశలు. 2004, 2006, 2010, 2014 సంవత్సరాలలో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లోను, అది ఆధారపడిన విండోస్ భాగాలలోను వెల్లడైన లోపాలను ఆధారంగా చేసుకొని ఈ వ్యాసం ఆ దశలను పరిశీలిస్తుంది. సలహాను పాటించగల శక్తి అందరికీ సమానంగా లేదని, వాడుకరి చదివే భాష, లావాదేవీలు జరిపే బ్యాంకు, పనిచేసే కార్యాలయం ఆ శక్తిని నిర్ణయించాయని ప్రతిపాదిస్తుంది. డైనమిక్ ఖతుల కాలంలో తెలుగు పాఠకులు ఎదుర్కొన్న స్థితిని ఇందుకు ప్రత్యేక నిదర్శనంగా చర్చిస్తుంది.

కీలక పదాలు: వెబ్ బ్రౌజర్, భద్రతాలోపం, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్, యాక్టివ్‌ఎక్స్, డైనమిక్ ఖతులు, యూనికోడ్, శాండ్‌బాక్స్.

1. ప్రవేశిక:

కంప్యూటరు భద్రతను గురించిన రచనలు సాధారణంగా వాడుకరి జాగ్రత్తలను ఏకరువు పెడతాయి. తెలియని లంకెలు నొక్కరాదు, అనుమానాస్పదమైన సైట్లకు వెళ్ళరాదు, సాఫ్ట్‌వేరును ఎప్పటికప్పుడు తాజాపరచుకోవాలి అన్నవి ఆ జాగ్రత్తలలో ముఖ్యమైనవి. వీటి ప్రయోజనాన్ని కాదనలేము. అయితే ఈ సూత్రాలు ఎప్పుడు, ఏ సందర్భంలో పుట్టాయి, వాటిని పాటించడానికి ఎవరికి వీలైంది, ఎవరికి వీలుపడలేదు అన్న ప్రశ్నలు చరిత్రకు సంబంధించినవి. ఆ ప్రశ్నలకు సమాధానం వెదకడమే ఈ వ్యాసం ఉద్దేశం.

బ్రౌజర్ లోపానికి ఒక ప్రత్యేకత ఉంది. పూర్వపు వైరస్‌లు ఫ్లాపీ డిస్కు ద్వారానో ఈ-మెయిల్ జతపత్రం ద్వారానో వచ్చేవి. వాటిని తెరవడమనే చర్య వాడుకరి చేతిలో ఉండేది. బ్రౌజర్ లోపం విషయంలో ఒక పుటను చూడడమే చాలు. చదవడమనే అతిసామాన్యమైన పని ప్రమాదహేతువు కావడం ఈ లోపాల స్వభావం. అందువల్ల వీటి చరిత్ర పఠన సంస్కృతి చరిత్రలో కూడా ఒక భాగమవుతుంది.

2. చదివే పుట నుండి నడిచే ప్రోగ్రామ్ వరకు (1990–2001):

టిమ్ బెర్నర్స్-లీ 1990లో సెర్న్ పరిశోధనశాలలో రూపొందించిన తొలి బ్రౌజర్ ప్రధానంగా పత్రాలను చూపే సాధనం. 1993లో మొజాయిక్, 1994లో నెట్‌స్కేప్ నావిగేటర్ వచ్చి వెబ్‌ను సామాన్య పాఠకులకు చేరువ చేశాయి. 1995 ఆగస్టులో మైక్రోసాఫ్ట్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ తొలి కూర్పును విడుదల చేసింది. అదే సంవత్సరం నెట్‌స్కేప్ జావాస్క్రిప్టును ప్రవేశపెట్టింది. దానితో వెబ్ పుట కేవలం చదివే పత్రంగా మిగలక, పాఠకుని యంత్రంలో నడిచే ప్రోగ్రామ్‌గా కూడా మారింది.

1996లో ఎక్స్‌ప్లోరర్ మూడవ కూర్పుతో వచ్చిన యాక్టివ్‌ఎక్స్ ఈ మార్పును మరింత ముందుకు తీసుకొనిపోయింది. ఒక సైటు పంపిన యాక్టివ్‌ఎక్స్ భాగాన్ని వాడుకరి అంగీకరిస్తే, అది కంప్యూటరులో ఇతర ప్రోగ్రాములకు ఉన్న అధికారాలతోనే పనిచేసేది. అనుమతికి ఆధారం ఆ భాగాన్ని తయారుచేసినవారి డిజిటల్ సంతకం. సంతకం తయారీదారు ఎవరో చెప్పగలదు గాని, ఆ ప్రోగ్రామ్ ఏమి చేస్తుందో చెప్పలేదు. తుది నిర్ణయం ‘అవును’, ‘కాదు’ అన్న రెండు మీటల రూపంలో వాడుకరి ముందుకు వచ్చింది.

1997లో నాల్గవ కూర్పు భద్రతా మండలాలు అనే పద్ధతిని తెచ్చింది. ఇంటర్నెట్, స్థానిక ఇంట్రానెట్, విశ్వసనీయ సైట్లు, నిషిద్ధ సైట్లు అని మండలాలను విభజించి, ఒక్కొక్క దానికి వేర్వేరు అనుమతులు ఇచ్చారు. వీటికి తోడు వాడుకరికి కనిపించని మరొక మండలం ఉండేది. అది స్వయంగా ఆ కంప్యూటరుదే. సొంత యంత్రంలోని దస్త్రాలు నమ్మదగినవన్న భావనతో ఆ మండలానికి చాలా అధికారాలు ఇచ్చారు. బయటి పుట ఏదైనా తాను లోపలిదానిననిపించుకోగలిగితే ఆ అధికారాలన్నీ దానికి దక్కుతాయి. తరువాతి సంవత్సరాలలో జరిగిన అనేక దాడులకు ఈ ఏర్పాటే మూలం.

2001 ఆగస్టులో ఎక్స్‌ప్లోరర్ ఆరవ కూర్పు, అక్టోబరులో విండోస్ ఎక్స్‌పి విడుదలయ్యాయి. నెట్‌స్కేప్ పతనం తరువాత ఎక్స్‌ప్లోరర్ వాడకం 90 శాతాన్ని మించింది. పోటీ లేకపోవడం వల్ల కొత్త కూర్పుల రాక ఆగిపోయింది. ఏడవ కూర్పు 2006 అక్టోబరులో గాని రాలేదు. వెబ్‌సైట్ల రూపకర్తలు కూడా ఒకే బ్రౌజర్‌ను దృష్టిలో పెట్టుకొని సైట్లు నిర్మించడం అలవాటు చేసుకున్నారు.

3. 2004: తొలిసారి వినిపించిన సలహా:

2002 జనవరిలో బిల్ గేట్స్ తన సంస్థ ఉద్యోగులకు రాసిన లేఖలో, కొత్త సౌకర్యాలకన్న భద్రతకు ప్రాధాన్యమివ్వాలని ఆదేశించారు. 2003 అక్టోబరు నుండి నెలలో రెండవ మంగళవారం సవరణలు విడుదల చేసే పద్ధతి మొదలైంది. ఈ క్రమబద్ధత కార్యాలయాల నిర్వాహకులకు మేలు చేసింది. అయితే రెండు మంగళవారాల మధ్య లోపం బయటపడితే ఏమి చేయాలన్న ప్రశ్న మిగిలిపోయింది.

2004 జూన్‌లో ఆ ప్రశ్న నిజమైంది. డౌన్‌లోడ్.జెక్ట్ అని పేరుపడిన ఆ దాడిలో దుండగులు ముందుగా మైక్రోసాఫ్ట్ వెబ్ సర్వర్లలోకి చొరబడ్డారు. ఆ సర్వర్ లోపానికి ఏప్రిల్‌లోనే సవరణ వచ్చినా, అన్ని చోట్లా దానిని వేసుకోలేదు. చొరబడినవారు సైటు రూపాన్ని చెడగొట్టలేదు. ప్రతి పుట చివర చిన్న జావాస్క్రిప్టు తునకను మాత్రం అతికించారు. నమ్మకమైన సైటుకు ఎప్పటిలాగే వెళ్ళిన పాఠకుని బ్రౌజర్ ఆ తునక ఆదేశం మేరకు వేరొక సర్వర్‌ను ఆశ్రయించేది. ఎక్స్‌ప్లోరర్‌లోని మండలాల లోపం ఆసరాతో ఒక గూఢ ప్రోగ్రామ్ యంత్రంలోకి దిగి, వాడుకరి నొక్కే అక్షరాలను, ఖాతాల వివరాలను సంగ్రహించేది.

‘అనుమానాస్పదమైన సైట్లకు వెళ్ళరాదు’ అన్న పాత సూత్రం ఇక్కడ పనిచేయలేదు. వాడుకరులు వెళ్ళినవి తమకు పరిచయమైన సైట్లే. పైగా బ్రౌజర్ లోపానికి అప్పటికి సవరణ లేదు. జూలై 2న మైక్రోసాఫ్ట్ దాడికి తోడ్పడుతున్న ఒక భాగాన్ని నిలిపివేసే మార్పును అందించింది. పూర్తి సవరణ జూలై 30న, నెలవారీ క్రమానికి వెలుపల వచ్చింది.

ఈ సందర్భంలో అమెరికా ప్రభుత్వ సంస్థ యు.ఎస్.-సర్ట్ విడుదల చేసిన సూచనలు చారిత్రకంగా ముఖ్యమైనవి. ఇంటర్నెట్ మండలంలో స్క్రిప్టులను, యాక్టివ్‌ఎక్స్‌ను నిలిపివేయడం మొదలైన ఉపాయాలతో పాటు, వేరొక బ్రౌజర్‌ను వాడడాన్ని కూడా ఆ సంస్థ ఒక పరిష్కారంగా పేర్కొన్నది. పత్రికలు దీనిని ‘ఎక్స్‌ప్లోరర్‌ను వదలండి’ అన్న పిలుపుగా ప్రచారం చేశాయి. కాని అసలు సూచనలో రెండు హెచ్చరికలు ఉన్నాయి. ఎక్స్‌ప్లోరర్ ప్రత్యేక సౌకర్యాలపై ఆధారపడిన సైట్లు మరో బ్రౌజర్‌లో సరిగా పనిచేయకపోవచ్చు. వేరే బ్రౌజర్ వాడినంత మాత్రాన విండోస్ నుండి ఎక్స్‌ప్లోరర్ తొలగిపోదు, ఇతర ప్రోగ్రాములు దానిని పిలుస్తూనే ఉంటాయి.

ప్రచారంలో సలహా నిలిచింది, హెచ్చరికలు మరుగునపడ్డాయి. అదే సంవత్సరం ఆగస్టులో వచ్చిన ఎక్స్‌పి రెండవ సర్వీస్ ప్యాక్ స్థానిక మండలానికి ఉన్న అధికారాలను కుదించింది, ఫైర్‌వాల్‌ను ముందే అమర్చింది, పాప్-అప్‌లను అడ్డుకున్నది. నవంబరు 9న ఫైర్‌ఫాక్స్ 1.0 విడుదలైంది. ‘బ్రౌజర్ మార్చండి’ అన్న సలహాను పాటించదలచినవారికి ఒక ప్రత్యామ్నాయం దొరికింది. అది ఎవరికి నిజమైన ప్రత్యామ్నాయమన్నది వేరొక విషయం.

4. 2006: అక్షరమే ద్వారమైన సందర్భం:

తెలుగు వెబ్ చరిత్రకు, బ్రౌజర్ భద్రతా చరిత్రకు మధ్య ఉన్న సంబంధం ఇక్కడ స్పష్టపడుతుంది. దానిని గ్రహించడానికి ఆనాటి తెలుగు పుటల నిర్మాణాన్ని గుర్తుచేసుకోవాలి.

1991లోనే యూనికోడ్ తొలి ప్రమాణంలో తెలుగుకు స్థానం లభించింది. కాని 2000ల తొలి సంవత్సరాలలో ప్రముఖ దినపత్రికల సైట్లు ఆ ప్రమాణంలో లేవు. పత్రికలు తమ సొంత ఖతులను వాడేవి. వాటిలో ఆంగ్ల అక్షరాలకు కేటాయించిన సంకేత స్థానాలలోనే తెలుగు అక్షర భాగాల బొమ్మలను అమర్చేవారు. తలకట్టు ఒకచోట, గుడి మరొకచోట, వత్తులు వేరొకచోట ఉండేవి. ఆ ఖతి కంప్యూటరులో లేకుంటే పాఠకునికి అర్థంలేని ఆంగ్లాక్షరాల వరుస కనిపించేది.

ప్రతి పత్రికకు ఒక్కొక్క ఖతిని దింపుకొని స్థాపించుకోవడం సామాన్య పాఠకులకు కష్టం. నెట్ సెంటర్లలో కూర్చున్నవారికి ఆ అవకాశమే తక్కువ. ఈ ఇబ్బందిని డైనమిక్ ఖతులు తీర్చాయి. ఎక్స్‌ప్లోరర్ నాల్గవ కూర్పుతో మైక్రోసాఫ్ట్ ఇ.ఓ.టి. అనే ఎంబెడెడ్ ఖతి రూపాన్ని ప్రవేశపెట్టింది. పుటతో పాటే ఖతి కూడా దానంతట అదే దిగి, అక్షరాలు సరిగా కనిపించేవి. నెట్‌స్కేప్‌కు ఇటువంటిదే వేరొక పద్ధతి ఉన్నా, దాని వారసుడైన మొజిల్లాలో అది కొనసాగలేదు. ఫలితంగా ఏ శ్రమా లేకుండా తెలుగు పత్రికను చూపగలిగిన బ్రౌజర్‌గా ఎక్స్‌ప్లోరర్ మిగిలింది. విదేశాలలోని తెలుగువారు ఉదయాన్నే ఇంటి పత్రికను తెరిచి చదవగలిగారంటే అందులో ఈ సాంకేతికత పాత్ర పెద్దది.

2006 జనవరి 10న మైక్రోసాఫ్ట్ ఆ సంవత్సరపు రెండవ భద్రతా ప్రకటన విడుదల చేసింది. అది ఎంబెడెడ్ వెబ్ ఖతులలోని లోపాన్ని గురించినది. కుదించిన ఖతిని విప్పే సమయంలో దాని పరిమాణాన్ని విండోస్ సరిగా సరిచూడకపోవడం వల్ల, దురుద్దేశంతో తయారుచేసిన ఖతి జ్ఞాపకపు హద్దులు దాటి తన ఆదేశాలను నడిపించగలిగేది. అటువంటి ఖతి ఉన్న పుటను చూసినా, ఆ రూపంలోని ఈ-మెయిల్‌ను తెరిచినా యంత్రం పరాధీనమయ్యే ప్రమాదం ఉండేది. సంస్థ దీనికి అత్యంత తీవ్రమైన శ్రేణిని ఇచ్చింది.

సవరణను వెంటనే వేసుకోలేనివారికి ఆ ప్రకటన ఒక తాత్కాలిక ఉపాయాన్ని సూచించింది. ఇంటర్నెట్, ఇంట్రానెట్ మండలాలలో ‘ఖతులను దింపుకోవడం’ అన్న సెట్టింగును నిలిపివేయాలి, లేదా ప్రతిసారీ అడిగేటట్లు మార్చాలి. రోమన్ లిపి పాఠకునికి ఈ ఉపాయం వల్ల కలిగే నష్టం స్వల్పం. అతనికి అందమైన అక్షరాలకు బదులు మామూలు అక్షరాలు కనిపిస్తాయి. డైనమిక్ ఖతుల మీద ఆధారపడిన తెలుగు పాఠకునికి అదే ఉపాయం పత్రికను మూసివేసినంత పని చేస్తుంది. ఒకే భద్రతా సలహా రెండు భాషల పాఠకుల మీద ఇంత భిన్నమైన భారం మోపిన సందర్భాలు అరుదు.

బ్రౌజర్ మార్చడమూ ఇంతకన్న సులభం కాలేదు. ఫైర్‌ఫాక్స్‌లో ఆ పుటలు ఆంగ్లాక్షరాల గందరగోళంగా కనిపించేవి. ఈ అవరోధాన్ని తొలగించడానికి స్వచ్ఛంద కృషి అవసరమైంది. ‘పద్మ’ అనే ఫైర్‌ఫాక్స్ పొడిగింత తెలుగు మొదలైన భారతీయ భాషల పత్రికల ఖతి సంకేతాలను గుర్తించి, పుట తెరుచుకుంటుండగానే వాటిని యూనికోడ్‌లోకి మార్చి చూపేది. ప్రమాదహేతువైన ఖతిని దింపుకోవలసిన పని లేకుండానే పత్రిక చదవడానికి వీలైంది. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా, ఆ తరువాత విస్తరించిన తెలుగు బ్లాగులు యూనికోడ్‌ను ఆశ్రయించి ఏ బ్రౌజర్‌లోనైనా చదవదగిన తెలుగును పెంచాయి. విండోస్ ఎక్స్‌పిలో యూనికోడ్ తెలుగు సరిగా కనిపించాలంటే సంక్లిష్ట లిపుల సౌకర్యాన్ని విడిగా స్థాపించుకోవలసి వచ్చేది. విస్టాతో ఆ అవసరం తీరింది.

యూనికోడ్ కోసం శ్రమించినవారి లక్ష్యం భాషాభివృద్ధి, అన్వేషణ సౌలభ్యం, ప్రామాణికత. భద్రత వారి ప్రధానోద్దేశమని చెప్పడానికి లేదు. అయినా వారి కృషి ఫలితంగా తెలుగు పాఠకునికి బ్రౌజర్‌ను ఎంచుకొనే స్వేచ్ఛ లభించింది. ‘బ్రౌజర్ మార్చండి’ అన్న సలహా తెలుగులో చదువుకొనేవారికి ఆచరణీయమైనది ఆ స్వేచ్ఛ దక్కిన తరువాతనే. ఎంబెడెడ్ ఖతుల యంత్రాంగంలో 2009 జూలైలోను, 2010 జనవరిలోను మళ్ళీ లోపాలు బయటపడడం ఆ స్వేచ్ఛ విలువను తెలుపుతుంది.

5. 2010: మార్చగలవారు, మార్చలేనివారు:

2010 జనవరి 12న ఎంబెడెడ్ ఖతుల సవరణ విడుదలైన రోజునే గూగుల్ ఒక ప్రకటన చేసింది. చైనా నుండి తమ వ్యవస్థలపై తీవ్రమైన దాడి జరిగిందని, మరికొన్ని పెద్ద సంస్థలు కూడా లక్ష్యమయ్యాయని దాని సారాంశం. ‘ఆపరేషన్ అరోరా’గా ప్రసిద్ధమైన ఈ దాడిలో ఎక్స్‌ప్లోరర్‌లోని అప్పటివరకు బయటికి తెలియని లోపం వాడారని రెండు రోజులలో వెల్లడైంది.

ఆ లోపం స్వభావాన్ని ఒక పోలికతో చెప్పవచ్చు. ఒక కుటుంబం అద్దె ఇల్లు ఖాళీ చేసి వెళ్ళింది. పాత చిరునామా పట్టుకున్న బంధువు ఆ ఇంటికే వచ్చి, అప్పటికి అందులో చేరిన అపరిచితుని మాటను తనవారి మాటగా నమ్మి నడుచుకున్నాడు. బ్రౌజర్ కూడా విడిచిపెట్టిన జ్ఞాపకపు భాగాన్ని ఇంకా తనదేననుకొని దానిలోని ఆదేశాలను నడిపేది. ఈలోగా దాడిచేసేవారు ఆ చోటును తమ ఆదేశాలతో నింపి ఉంచేవారు.

సవరణ ఇంకా రాని ఆ రోజులలో జర్మనీ సమాచార భద్రతా కార్యాలయం, ఫ్రాన్స్‌లోని ప్రభుత్వ భద్రతా బృందం తమ పౌరులకు ప్రత్యామ్నాయ బ్రౌజర్ వాడవలసిందిగా సూచించాయి. 2004లో అనేక ఉపాయాలలో ఒకటిగా ఉన్న సలహా, 2010 నాటికి రెండు ఐరోపా రాజ్యాల అధికారిక హెచ్చరికకు కేంద్రమైంది. జనవరి 21న మైక్రోసాఫ్ట్ నెలవారీ క్రమాన్ని పక్కనపెట్టి సవరణ విడుదల చేసింది. ఆ లోపం అంతకుముందు సెప్టెంబరులోనే తన దృష్టికి వచ్చిందని కూడా ఆ సంస్థ అంగీకరించింది.

అయితే మార్చడం అందరికీ సాధ్యం కాలేదు. బ్రిటన్‌లో ప్రభుత్వ శాఖలు ఎక్స్‌ప్లోరర్ ఆరవ కూర్పును వదలాలని కోరుతూ ఆరువేల మందికి పైగా సంతకం చేసిన విజ్ఞప్తికి 2010 జూలైలో సమాధానం వచ్చింది. కొత్త బ్రౌజర్‌తో కార్యాలయ సాఫ్ట్‌వేరులన్నీ పనిచేస్తాయో లేదో పరీక్షించడానికి అయ్యే వ్యయం ఎక్కువని, సవరణలు వేసుకుంటూ ఫైర్‌వాల్, వైరస్ నిరోధకాలతో రక్షించుకోవడం మేలని ప్రభుత్వం భావించింది. భారతదేశంలోనూ డిజిటల్ సంతకాలు అవసరమైన పలు ప్రభుత్వ పోర్టళ్ళు ఎక్స్‌ప్లోరర్‌నే సూచించేవి. టెండరు దాఖలు చేసే గుత్తేదారుకు, సంస్థల వార్షిక పత్రాలు సమర్పించే గణకునికి బ్రౌజర్ ఎంపిక తన చేతిలో ఉండేది కాదు.

ఈ పరాధీనతకు పరాకాష్ఠ దక్షిణ కొరియా. 1990లలో అమెరికా ఎగుమతి నియమాలు బలమైన గూఢలిపి ఉన్న బ్రౌజర్లను విదేశాలకు అనుమతించలేదు. అందుకని కొరియా ‘సీడ్’ అనే సొంత గూఢలిపి పద్ధతిని రూపొందించుకొని, దానిని యాక్టివ్‌ఎక్స్ ద్వారా బ్రౌజర్‌లో అమర్చింది. 1999 నాటి డిజిటల్ సంతకాల చట్టం తరువాత బ్యాంకు లావాదేవీలకు, ఆన్‌లైన్ కొనుగోళ్ళకు ఆ పద్ధతే ఆధారమైంది. అమెరికా తన నియమాలను 2000లో సడలించినా కొరియా అలవాటు సడలలేదు. ప్రతి సైటూ ఒక భద్రతా భాగాన్ని స్థాపించుకోమని అడిగేది. ప్రతిసారీ ‘అవును’ అని నొక్కడం ప్రజలకు అలవాటైంది. రక్షణకోసం ఏర్పడిన పద్ధతి, ఏది నమ్మాలో ఆలోచించే అలవాటును చెరిపివేసింది. ఆ ధ్రువపత్రాలకు చట్టం కల్పించిన ప్రత్యేక హోదా తొలగినది 2020 డిసెంబరులో.

6. 2014: సవరణ రాని యంత్రాలు:

2014 ఏప్రిల్ 8న విండోస్ ఎక్స్‌పికి మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. పన్నెండేళ్ళు దాటిన ఆ వ్యవస్థ అప్పటికి ప్రపంచమంతటా కార్యాలయాలలో, కళాశాలల ప్రయోగశాలలలో, ఇళ్ళలో నడుస్తూనే ఉన్నది. భారతదేశంలో ఏ.టి.ఎం. యంత్రాల పాత నిర్వహణ వ్యవస్థలను 2019 జూన్ నాటికి దశలవారీగా మార్చవలసిందిగా రిజర్వు బ్యాంకు 2018లో ఆదేశించవలసి రావడాన్ని బట్టి ఆ వ్యవస్థ ఎంతకాలం నిలిచిందో ఊహించవచ్చు.

మద్దతు ముగిసి మూడు వారాలైనా కాకముందే, ఏప్రిల్ 26న ఎక్స్‌ప్లోరర్ ఆరు నుండి పదకొండు వరకు అన్ని కూర్పులలోను ఉన్న లోపాన్ని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. సి.వి.ఇ.-2014-1776 అన్న సంఖ్యతో నమోదైన ఈ లోపం కూడా విడిచిన జ్ఞాపకాన్ని వాడుకొనే రకానిదే. దానిని వాడుకొని దాడులు అప్పటికే జరుగుతున్నాయని ఫైర్‌ఐ సంస్థ వెల్లడించింది. లోపానికి సంబంధించిన ఒక భాగాన్ని నిలిపివేయడం, అదనపు రక్షణ సాధనాన్ని అమర్చుకోవడం వంటి తాత్కాలిక ఉపాయాలు ప్రకటనలో ఉన్నాయి. అమెరికా, బ్రిటన్ ప్రభుత్వ భద్రతా బృందాలు సవరణ వచ్చేవరకు వేరే బ్రౌజర్ వాడుకోవాలని సూచించాయి.

ఎక్స్‌పి వాడుకరుల స్థితి భిన్నమైనది. తక్కినవారు సవరణ వచ్చేవరకు జాగ్రత్తపడితే చాలు. వీరికి ఆ సవరణ ఎన్నటికీ రాదు. కాని మే 1న మైక్రోసాఫ్ట్ సవరణను విడుదల చేస్తూ, ఎక్స్‌పికి కూడా మినహాయింపుగా దానిని అందించింది. హైదరాబాదులో పుట్టి పెరిగిన సత్య నాదెళ్ళ ఆ సంస్థ అధిపతిగా బాధ్యతలు చేపట్టి అప్పటికి మూడు నెలలైనా కాలేదు.

ఈ మినహాయింపు ఒక ధర్మసూక్ష్మాన్ని ముందుకు తెచ్చింది. గడువు ముగిసిన వస్తువుకు మరమ్మతు చేయవలసిన బాధ్యత తయారీదారుకు లేదనడం వ్యాపార న్యాయం. అయితే సోకిన యంత్రం తన యజమానికే కాక తక్కిన యంత్రాలకూ హాని చేస్తుంది. ఊరిలో ఒక ఇంటి మురుగు ఊరందరి ఆరోగ్య సమస్య అయినట్లు, పాత బ్రౌజర్ సమష్టి సమస్య అయింది.

7. భారం తయారీదారు వైపు మరలిన క్రమం:

2006 నుండి బ్రౌజర్ల నిర్మాణంలోనే మార్పు మొదలైంది. విస్టాలోని ఎక్స్‌ప్లోరర్ ఏడవ కూర్పు తక్కువ అధికారాలతో నడిచే రక్షిత విధానాన్ని తెచ్చింది. 2008 సెప్టెంబరు 2న విడుదలైన గూగుల్ క్రోమ్ పుటలను విడివిడి ప్రక్రియలుగా చేసి, వాటిని శాండ్‌బాక్స్ అనే కట్టడిలో ఉంచింది. లోపం ఉండనే ఉంటుందని ముందుగానే ఒప్పుకొని, అది ఇల్లంతా కాల్చకుండా ఒక గదికే పరిమితం చేయడం ఈ నిర్మాణ సూత్రం. క్రోమ్ తెచ్చిన రెండవ మార్పు వాడుకరిని అడగకుండానే తాజాపడడం. 2004లో వాడుకరి చదివి, అర్థం చేసుకొని, ఎంచుకోవలసిన పని, ఇప్పుడు బ్రౌజర్‌ను ఒకసారి మూసి తెరవడంతో ముగుస్తున్నది.

ప్రత్యామ్నాయ బ్రౌజర్లు కూడా లోపరహితం కావు. 2015 ఆగస్టులో ఫైర్‌ఫాక్స్‌లోని పి.డి.ఎఫ్. చూపే భాగంలో లోపం బయటపడింది. ఒక వార్తా సైటులోని ప్రకటన ద్వారా అది వాడుకరి దస్త్రాలను వెదకి దొంగిలించడానికి ఉపయోగపడింది. 2018 జనవరిలో వెల్లడైన స్పెక్టర్ లోపం ప్రాసెసర్లకు సంబంధించినదైనా, బ్రౌజర్ల నిర్మాణాన్ని మార్చింది. ఒక్కొక్క సైటును వేర్వేరు ప్రక్రియలలో ఉంచే పద్ధతిని క్రోమ్ ఆ సంవత్సరమే డెస్క్‌టాప్‌లో విస్తరింపజేసింది. తమ తీవ్రమైన లోపాలలో దాదాపు 70 శాతం జ్ఞాపక నిర్వహణ దోషాలేనని క్రోమ్ బృందం 2020లో తెలిపింది. రస్ట్ వంటి సురక్షిత భాషల వైపు మొగ్గు ఈ అవగాహన నుండి బలపడింది.

2022 జూన్ 15న ఎక్స్‌ప్లోరర్‌కు మైక్రోసాఫ్ట్ వీడ్కోలు పలికింది. అప్పటికి దాని వారసుడైన ఎడ్జ్ కూడా క్రోమ్‌కు ఆధారమైన క్రోమియం మీదనే నిర్మితమై ఉన్నది. 2023 సెప్టెంబరులో వెబ్‌పి బొమ్మలను విప్పే ఉమ్మడి భాగంలో లోపం బయటపడినప్పుడు క్రోమ్, ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్ ఒకదాని వెంట ఒకటి సవరణలు విడుదల చేయవలసి వచ్చింది. 2006లో అక్షరాన్ని విప్పే చోట జరిగిన పొరపాటు 2023లో బొమ్మను విప్పే చోట జరిగింది. ఈసారి ‘బ్రౌజర్ మార్చండి’ అన్న సలహాకు అర్థం లేకపోయింది. మార్చినా లోపల ఉన్నది అదే భాగం. సవరణలు కొద్ది రోజులలో అందడం ఈ కాలపు లాభం, అందరూ ఒకే పునాది మీద నిలబడడం దాని నష్టం.

8. ముగింపు:

పై పరిశీలన నుండి ఈ అంశాలు తేలుతున్నాయి.

1. బ్రౌజర్ లోపాలనుండి రక్షణ సలహా సెట్టింగుల మార్పుతో మొదలై, బ్రౌజర్ మార్పు మీదుగా, స్వయంచాలక తాజాకరణకు చేరింది. ఈ క్రమంలో భారం వాడుకరి నుండి తయారీదారుకు కొంతవరకు బదిలీ అయింది.

2. సలహా అందరికీ ఒకటే అయినా, దానిని పాటించడానికి చెల్లించవలసిన మూల్యం ఒకటి కాదు. కొరియా ఖాతాదారు, బ్రిటన్ గుమాస్తా, తెలుగు పత్రికా పాఠకుడు వేర్వేరు కారణాలవల్ల ఒకే బ్రౌజర్‌కు కట్టుబడ్డారు.

3. బహిరంగ ప్రమాణాలు భద్రతకు పునాది. యూనికోడ్ వల్ల తెలుగుకు లభించిన ప్రయోజనాలలో ఈ రక్షణను కూడా చేర్చి చూడవలసి ఉన్నది.

4. నేటి వాడుకరి చేయవలసినది కొద్దిపాటిదే. బ్రౌజర్ తాజాపడే ఏర్పాటును ఆపకుండా ఉంచడం, అది కోరినప్పుడు మూసి తెరవడం, అవసరం లేని పొడిగింతలను తొలగించడం, మద్దతు ముగిసిన వ్యవస్థతో ఇంటర్నెట్‌కు వెళ్ళకుండడం అందులో ముఖ్యమైనవి.

వీటిలో చివరిది విశ్వవిద్యాలయ తెలుగు శాఖలకు ప్రత్యేకంగా వర్తిస్తుంది. అను ఖతులలో, పేజ్‌మేకర్‌లో కూర్చిన సిద్ధాంత గ్రంథాలు, పత్రికా సంచికలు ఇప్పటికీ ఉన్నాయి. వాటిని తెరవడానికే పాత కంప్యూటర్లను అట్టిపెట్టుకోవడమూ ఉన్నది. ఆ యంత్రాన్ని వలనుండి విడదీసి ఉంచడం తక్షణ రక్షణ. ఆ గ్రంథాలను యూనికోడ్‌లోకి మార్చుకోవడం శాశ్వత రక్షణ. పాత సంకేతాలలో చిక్కుకున్న ప్రతి పుటా తనతో పాటు ఒక పాత యంత్రాన్ని, ఆ యంత్రంలోని పాత లోపాలను బ్రతికించి ఉంచుతుంది.